కొత్తిమీర కొసరు కాదండీ

కూరగాయల బండి దగ్గర వంద రూపాయల సరుకు కొన్నా, వెయ్యి రూపాయల సరుకు కొన్నా మనం చివర్లో అడిగేది ఒకటే: "కాస్త కొత్తిమీర వెయ్యవయ్యా". వేస్తే మంచివాడు, వెయ్యకపోతే పిసినారి. 2024 మేలో బ్లింకిట్ కూడా కూరగాయల ఆర్డరుతో కొత్తిమీర ఉచితం అని ప్రకటించింది. జనం తెగ సంబరపడ్డారు. నాకు మాత్రం ఇందులో సంబరపడాల్సిందేమీ కనిపించలేదు. ఎందుకో చెప్తా.

చేవెళ్ళ వైపు మాకు తెలిసిన కుటుంబం ఒకటుంది. అరెకరంలో కొత్తిమీర, పుదీనా, గట్టు మీద కరివేపాకు. భార్యాభర్తలు, ఇంట్లో పెద్దావిడ, సెలవు రోజుల్లో పిల్లలు. అంతే స్టాఫు. హెచ్చార్ లేదు, వీకెండ్ అసలే లేదు :)

ధనియం పైకి ఒక్కటిగా కనిపించినా లోపల రెండు విత్తనాలుంటాయి. అందుకే నలిపి బద్దలు చేసి, నానబెట్టి చల్లుతారు. మొలక రావడానికే వారం పది రోజులు. తర్వాత కలుపు, తడులు. సుమారు 40 రోజులకి ఆకు కోతకొస్తుంది. అసలు తంటా ఇక్కడే ఉంది. మా ప్రాజెక్టుల్లో అయితే డెడ్‌లైన్ జరుపుకుంటాం. కొత్తిమీరకి ఆ వెసులుబాటు లేదు. ధర బాలేదని ఆగితే పూతకొచ్చేస్తుంది, ఆకు సన్నగా దారాల్లా అయిపోతుంది, ఎవరూ కొనరు. కోసి దాచుకుందామంటే మర్నాటికి వాడిపోతుంది. కాబట్టి ఆ రోజు మార్కెట్లో ఎంతంటే అంతకి ఇచ్చేసి రావాల్సిందే. చలికాలంలో అందరి పంటా ఒకేసారి వచ్చి ధర పడిపోతుంది. ఎండాకాలంలో ధర ఉంటుంది కానీ, వేడికి మొలక సరిగ్గా రాక అమ్ముకోవడానికి ఆకుండదు!

పుదీనా కాస్త నయం. ఒకసారి కాడలు నాటితే మళ్ళీ మళ్ళీ కోసుకోవచ్చు. కాకపోతే ఎప్పుడూ తడి ఉండాలి. బోరు ఎండితే దాని పనీ అంతే.

"ఊరికే ఇచ్చేది వ్యాపారి కదా, రైతుకి వాడు డబ్బులిచ్చే కొంటాడు కదా" అని మీరనొచ్చు. నిజమే. కానీ తనకి రూపాయి రాని సరుకుకి ఏ వ్యాపారి మంచి ధర పెడతాడు? కొసరుగా ఇచ్చేదాన్ని ఎంత చవగ్గా దొరికితే అంత చవగ్గానే కొంటాడు. పైగా ఊరికే వచ్చినదాన్ని మనమూ అలాగే చూస్తాం. ఫ్రిజ్జులో ఓ మూల కుళ్ళబెట్టి పారేస్తాం.

నేనేమీ పెద్ద త్యాగాలు చెయ్యమనట్లేదు. 1999లో మొదలైన రైతుబజార్లు ఇప్పటికీ ఉన్నాయి. దగ్గర్లో ఉంటే పండించినవాళ్ళ దగ్గరే కొనండి, బోర్డు మీద రాసిన ధర ఇవ్వండి. తెచ్చాక కడక్కుండా పొడిగుడ్డలో చుట్టి ఫ్రిజ్జులో పెడితే చాలా రోజులు ఉంటుంది. కాడలు పారెయ్యకండి, చారులోకి ఆకుకన్నా అవే బావుంటాయి. ఇంకా మిగిలితే చింతపండు, పచ్చిమిర్చి వేసి పచ్చడి నూరెయ్యండి.

బాల్కనీ ఉంటే పుదీనా కాడలు కుండీలో గుచ్చండి, బతికేస్తాయి. కొత్తిమీర కూడా ఒక్కసారి చల్లి చూడండి. 40 రోజులు నీళ్ళు పోసి పెంచిన కుండీ ఒక్కపూట పచ్చడికి కూడా చాలదు! కట్ట ధర ఎంత తక్కువో అప్పుడు అర్థమవుతుంది.

ఆ తర్వాత కూడా ఊరికే వెయ్యమని అడగబుద్ధయితే అడగండి. నాకైతే నోరు రాదు.