ఊకదంపుడు కాదు

సారంలేని ప్రసంగాన్ని ఊకదంపుడు అంటాము. ఎంత దంచినా గింజ రాలని ఊక మన పూర్వులకు నిష్ప్రయోజనానికి గుర్తు. ఆ జాతీయాన్ని నేటి రసాయనశాస్త్రం తిరగరాస్తున్నది.

ఆముదపు దీపంపై పళ్ళెం బోర్లించి మన తల్లులు కాటుక పట్టేవారు. ఆ మసి మొక్క నుండి పుట్టిన సూక్ష్మకర్బనమే. అటువంటి కర్బనపు మసినే శుద్ధి చేస్తుండగా 2004లో శాస్త్రజ్ఞులకు వెలుగునిచ్చే కర్బన బిందువులు కనిపించాయి. వాటి పరిమాణం కొద్ది నానోమీటర్లు. నానోమీటరు అనగా మిల్లీమీటరులో పది లక్షలవ వంతు. నేడు ఊకను, గడ్డిని, పండ్ల తొక్కలను నీటితో మూసిన పాత్రలో సుమారు 200 డిగ్రీల వేడిలో గంటల తరబడి ఉంచి ఇటువంటి బిందువులను తయారుచేస్తున్నారు. నీటిలో పాదరసం వంటి లోహాల జాడను పట్టడానికి ఇవి ఉపకరిస్తాయి.

తెనాలి, రేపల్లె, బాపట్ల ప్రాంతం వరిసీమ. ధాన్యం బరువులో దాదాపు ఐదవ వంతు ఊకే. బాపట్లలో 1945 నుండి వ్యవసాయ కళాశాల ఉన్నది. ముడిసరుకు మనదే, విద్యయూ మన చెంతనే ఉన్నది. లోపించినది ఈ రెంటినీ కలిపే మాట. ఇంగ్లీషులో రసాయనశాస్త్రం చదివిన కుమారుడు ధాన్యపు మిల్లులో పనిచేసే తండ్రికి దానిని తెలుగులోగాని, ఉర్దూలోగాని వివరించలేకున్నాడు.

ఊకనంతటినీ నానోపదార్థంగా మార్చవచ్చునని నేననను. వేడికి ఇంధనం, శుద్ధికి శ్రమ కావాలి. గడ్డి ముందుగా పశువుల మేత. ఆ లాభనష్టాలు తేల్చవలసినవారు ఊక ఉన్నవారూ, శాస్త్రం తెలిసినవారూ కలిసి. అందుకు వారు ముందు మాట్లాడుకోవాలి.

విద్యార్థులారా, సెలవులకు ఇంటికి వెళ్ళినపుడు ఈ సంగతి ఇంటిభాషలో చెప్పి చూడండి. చెప్పలేకపోతిమా, ఊకదంపుడు మన చదువే.