తనంతట తాను కీ ఇచ్చుకునే వాచీ

ఈ నెల వచ్చిన ప్రశ్న ఇది: "ఆటోమాటిక్ వాచీని పెట్టుకోకుండా బీరువాలో ఉంచితే రెండు రోజులలో ఆగిపోతుంది. అలా ఆగి ఉంటే లోపలి మర పాడవుతుందా? వాచీని రాత్రింబవళ్ళు తిప్పుతూ ఉండే కరెంటు పెట్టెలు అమ్ముతున్నారు. అటువంటిది కొనవలసిందేనా?"

పిల్లలూ, ఈ ప్రశ్నకు జవాబు చెప్పే ముందు ఆ వాచీకి కీ ఎవరు ఇస్తున్నారో చూద్దాం.

మామూలు కీ వాచీలో చుట్టగా చుట్టిన సన్నని స్ప్రింగు ఒకటి ఉంటుంది. పక్కనున్న చిన్న గుండీని వేళ్ళతో తిప్పితే అది బిగుసుకుంటుంది. తరవాత మెల్లమెల్లగా విప్పుకుంటూ పళ్ళచక్రాలను తిప్పుతుంది. చక్రాలు ముళ్ళను నడుపుతాయి. ఆటోమాటిక్ వాచీలో ఉండేదీ ఇటువంటి స్ప్రింగే. బ్యాటరీ ఏమీ లేదు. కాని వెనకవైపు అరచందమామ ఆకారంలో బరువైన లోహపు బిళ్ళ ఒకటి ఉంటుంది. మనం చెయ్యి కదిపినప్పుడల్లా ఆ బిళ్ళ తిరిగి స్ప్రింగును కొంచెం కొంచెంగా బిగిస్తుంది. అంటే కీ ఇచ్చేది మన చెయ్యే!

దీన్ని మీరు ఇంట్లోనే చేసి చూడవచ్చు. దళసరి అట్టను అరచందమామలా కత్తిరించండి. దాని తిన్నని అంచుకు మధ్యగా చిన్న రంధ్రం చేసి, గుండుసూదితో ఒక పెద్ద అట్టకు వదులుగా గుచ్చండి. పెద్ద అట్టను నిలబెట్టి, బండిచక్రంలా మెల్లగా తిప్పండి. అట్ట తిరుగుతుంది గాని, అరచందమామ మాత్రం తన బరువు కిందికే ఉంచుకుని నిలిచి ఉంటుంది. ఈ తేడాయే వాచీలో స్ప్రింగును బిగిస్తుంది. ఇప్పుడు అట్టను బల్లమీద పడుకోబెట్టి తిప్పండి. అరచందమామ కూడా అట్టతోబాటే తిరిగిపోతుంది. ఇక తేడా ఏదీ? అందుకనే తిప్పే పెట్టెలలో వాచీని పడుకోబెట్టరు, నిటారుగానో వాలుగానో ఉంచుతారు.

ఈ ఉపాయం చాలా పాతది. 1770ల ప్రాంతంలోనే స్విట్జర్లండులో ఆబ్రహాం లూయీ పెరెలే అనే గడియారాల పనివాడు తనంతట తాను కీ ఇచ్చుకునే జేబు గడియారం చేశాడని చెబుతారు. కాని జేబులోని గడియారానికి కదలిక తక్కువ. గడియారం జేబులోంచి మణికట్టు మీదికి వచ్చాకనే ఈ ఉపాయానికి మంచి రోజులు వచ్చాయి. ఇంగ్లండుకు చెందిన జాన్ హార్వుడ్ అటువంటి చేతి గడియారానికి 1924లో పేటెంటు పొందాడు. పిల్లలు ఎక్కిదిగే ఊగుడుబల్లను చూసి ఆయనకు ఈ ఆలోచన తట్టిందని ఒక కథ ఉన్నది. ఆయన వాచీలో బరువు పూర్తిగా చుట్టూ తిరిగేది కాదు. అటూ ఇటూ కొట్టుకునేది. 1931లో రోలెక్స్ వారు తెచ్చిన వాచీలో బిళ్ళ గుండ్రంగా చుట్టూ తిరగసాగింది. ఇప్పటి ఆటోమాటిక్ వాచీలు చాలావరకు ఈ పద్ధతివే.

పూర్తిగా బిగిసిన స్ప్రింగు చాలా వాచీలను సుమారు 40 గంటలు నడుపుతుంది. 70 గంటలకు పైగా నడిచేవి కూడా ఉన్నాయి. ఆ తరవాత వాచీ ఆగిపోతుంది. ఆగకుండా చేసేదే ఈ తిప్పే పెట్టె. అది చాలా వాచీలను రోజుకు 650 నుంచి 800 సార్లు, మధ్య మధ్య ఆగుతూ తిప్పుతుంది. కొన్ని వాచీలలో బిళ్ళ ఎటు తిరిగినా స్ప్రింగు బిగుస్తుంది. కొన్నింటిలో ఒకవైపు తిరిగితేనే బిగుస్తుంది. అది తెలియకుండా పెట్టె కొంటే, రాత్రంతా తిరిగినా వాచీ తెల్లవారేసరికి ఆగే ఉండవచ్చు!

"అన్నిసార్లు తిప్పితే స్ప్రింగు తెగిపోదా?" అని మీరు అడగవచ్చు. తెగదు. ఆటోమాటిక్ వాచీలో స్ప్రింగు వెలుపలి కొసను గట్టిగా బిగించెయ్యరు. నిండుగా బిగిశాక ఆ కొస జారుతూ ఉంటుంది.

ఇక అసలు ప్రశ్న. ఆగి ఉన్నంత మాత్రాన వాచీ పాడు కాదు. పాడవుతుందనే భయం పాతకాలపు నూనెల వల్ల పుట్టింది. ఆ రోజులలో జంతువుల కొవ్వునుంచి తీసిన నూనెలను వాచీలలో వేసేవారు. అవి కొంతకాలానికి చిక్కబడి జిగురులా అయ్యేవి. ఇప్పుడు వేసేవి కృత్రిమంగా తయారుచేసిన నూనెలు. అవి అంత తొందరగా చిక్కబడవు. ఏళ్ళు గడిస్తే వాటి గుణం కూడా తగ్గుతుంది గాని, వాచీని తిప్పుతూ ఉన్నంత మాత్రాన అది ఆగదు. నూనె పాతబడితే పనివాడు విప్పి, శుభ్రం చేసి, కొత్త నూనె వెయ్యవలసిందే.

పైగా నడిచే మరకు అరుగుదల ఉన్నది. ఈనాటి వాచీలు చాలావాటిలో ఒక చిన్న చక్రం గంటకు 28,800 ఊపులు ఊగుతుంది. అంటే సెకనుకు 8. రోజుకు 6,91,200. ఏడాదికి 25 కోట్లు దాటుతుంది! ఎవరూ టైము చూడని వాచీకి ఇంత శ్రమ ఎందుకు? బట్టలు కుట్టేది లేనప్పుడు కుట్టుమిషనును ఊరికే తొక్కుతూ కూర్చుంటామా?

మరి ఆ పెట్టె ఎవరికీ అక్కరలేదా అంటే, అలాగూ అనలేము. కొన్ని ఖరీదైన వాచీలు తేదీ, వారం, నెల, లీపు సంవత్సరం కూడా తమంతట తామే చూసుకుంటాయి. అవి ఆగిపోతే అన్నీ మళ్ళీ సరిచెయ్యడం పెద్ద పని. అటువంటి వాచీ ఉన్నవారికి పెట్టె ఉపయోగమే. (ఇంత తెలివైన వాచీలు కూడా చాలావరకు 2100లో పొరబడతాయి. ఎందుకో తెలుసా? ఆ ఏడాది 4తో భాగించబడినా లీపు సంవత్సరం కాదు!) వేళ్ళు సరిగా వంగక గుండీ తిప్పలేని పెద్దవారికి కూడా అది సాయపడుతుంది. తక్కినవారికి అది సరదాయే గాని అవసరం కాదు.

ఆగిన వాచీని నడిపించే పద్ధతి తెలిస్తే చాలు. పెద్దవారిని దగ్గర ఉంచుకుని ఇలా చెయ్యండి. వాచీని చేతినుంచి తీసి, గుండీని ముందుకు 20, 30 సార్లు మెల్లగా తిప్పండి. (గుండీతో కీ తీసుకోని వాచీ అయితే కాసేపు మెల్లగా ఊపండి.) తరవాత ముళ్ళను ఆరున్నర దగ్గర పెట్టి, నిన్నటి తేదీ ఉంచండి. ఇప్పుడు తేదీ మారేదాకా ముళ్ళను ముందుకు తిప్పండి. మారిందా? అయితే అది అర్ధరాత్రి అన్నమాట. అక్కడినుంచి ఇప్పటి టైముకు తీసుకురండి. మధ్యాహ్నం దాటి ఉంటే పన్నెండును ఇంకొకసారి దాటించాలి.

ఒక్క సంగతి మరిచిపోకండి. వాచీలోని టైము రాత్రి తొమ్మిదికీ తెల్లవారుజాము మూడుకూ మధ్య ఉన్నప్పుడు గుండీతో తేదీ మార్చరాదు. ఆ వేళ తేదీని మార్చే పళ్ళు ఒకదానితో ఒకటి పట్టుకుని ఉంటాయి. చాలా వాచీలలో బలవంతం చేస్తే విరుగుతాయి. తాతగారి వాచీకి బీరువాలో విశ్రాంతి వల్ల హాని లేదు. తొందరపడే వేళ్ళ వల్లనే హాని!