పడవకు పట్టుచీర!

కారుకు స్టిక్కరింగ్ చేయించడం మనకు తెలిసిందే. సిటీ బస్సుకు నిలువెల్లా ప్రకటన అంటించడమూ రోజూ చూస్తున్నదే. అదే పని కోట్లు ఖరీదు చేసే యాట్‌లకూ చేస్తారంటే మాత్రం కాస్త వింతగానే ఉంటుంది. యాట్ అంటే సంపన్నులు సముద్రంలో సరదాగా తిరగడానికి ఉంచుకునే విహార నౌక. దాని రంగు వెలిసిపోతే ఒకప్పుడు పెయింట్ వేయించడం ఒక్కటే దారి. ఒడ్డుకెక్కించి, చుట్టూ డేరా కట్టి, పాత రంగు గీకి, పొర మీద పొర కొట్టాలి. అందుకు వారాలు, పెద్ద నౌకైతే నెలలు పడుతుంది. ఇప్పుడు ఫ్లోరిడాలోనూ మధ్యధరా సముద్రపు రేవుల్లోనూ కొందరు యజమానులు వినైల్ చుట్టిస్తున్నారు. మందం సుమారు మిల్లీమీటరులో పదోవంతు ఉండే ప్లాస్టిక్ పొర అది. వెనకాల జిగురు ఉంటుంది. కొద్దిరోజుల్లో పడవ కొత్త చీర కట్టేసుకుంటుంది. మొహం మొత్తితే విప్పేసి ఇంకోటి కట్టొచ్చు.

చీర అన్నాక రంగు ఎంచుకోవాలిగా? అసలు తంటా అక్కడే. దుకాణంలో ట్యూబులైటు కింద అరచేయంత ముక్క చూసి ‘ఇదే కావాలి’ అంటే చిక్కే. నీళ్ల మీద ఎండ పైనుంచీ పడుతుంది, కిందనుంచీ తిరిగి కొడుతుంది. ఆ వెలుగులో లేత రంగు ఇంకా లేతగా, ముదురు రంగు ఇంకోలా కనిపిస్తుంది. అందుకే పెద్ద ముక్క ఒకటి పడవకే అంటించి ఉదయం, మధ్యాహ్నం, సాయంత్రం చూసి తేల్చుకోవడం మంచిది.

నలుపు, ముదురు నీలం అంటే చాలామందికి మోజు. ఠీవిగా ఉంటాయి మరి. బ్రిటన్ రాజనౌక ‘బ్రిటానియా’ 1953లో సముద్రంలో దిగినప్పుడు ఆనవాయితీ ప్రకారం నల్లగా ఉండాల్సింది. ఎలిజబెత్ రాణి దంపతులు తమ పందెపు పడవ ‘బ్లూబాటిల్’కున్న ముదురు నీలాన్నే దానికీ ఎంచుకున్నారు. 1997లో విధుల నుంచి తప్పుకున్న ఆ నౌకను ఎడిన్‌బరో దగ్గరి లీత్ రేవులో ఇప్పటికీ చూడొచ్చు. కానీ ఉక్కు నౌకకు చెల్లింది ఫైబర్ పడవకు చెల్లదు. ముదురు రంగు ఎండను తాగేస్తుంది. వేడికి ఫైబర్‌లోని రెజిన్ మెత్తబడితే లోపలి నేత అచ్చు పైకి తేలుతుంది. లోపల గదులు ఉడుకెత్తి ఏసీకి పని పెరుగుతుంది. పైగా ఉప్పునీటి చారలు నలుపు మీద తెల్లగా కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి. ఎండ దేశాల దారిలో తెలుపు ఎంత సుఖమో ఓడల కంపెనీలకు ఎప్పుడో తెలుసు. లండన్ నుంచి బొంబాయి మీదుగా ఆస్ట్రేలియా వెళ్లే ‘స్ట్రాత్‌నేవర్’ను పీ అండ్ ఓ కంపెనీ 1931లోనే తెల్లగా దింపింది. అంతకుముందు ఆ కంపెనీ ఓడలు చాలావరకు నల్లనివి.

రంగు తేలాక మెరుపు సంగతి. నిగనిగలాడే గ్లాసీ కడగడానికి తేలిక. అయితే పడవ ఒంటి మీది ఎత్తుపల్లాలన్నిటినీ అద్దంలా చూపించేస్తుంది. మెరుపులేని మ్యాట్ వాటిని దాస్తుంది. కానీ చేతుల జిడ్డు, సన్‌స్క్రీన్ మరకలు పట్టుకుంటే ఓ పట్టాన వదలవు. పాలిష్ పెడదామంటే అక్కడక్కడా మెరిసి మరీ వికారంగా తయారవుతుంది. రెండింటికీ మధ్యస్థం శాటిన్. పట్టులా సన్నటి మెరుపు, మెయింటెనెన్సూ మధ్యరకమే. అద్దంలాంటి క్రోమ్ చూడ్డానికి బ్రహ్మాండం, ఆయుష్షు మాత్రం తక్కువ. మెటాలిక్ ఎంచుకుంటే ముక్కలన్నీ ఒకే దిశలో అతికించారో లేదో చూసుకోవాలి. ఒక్కటి తిరగబడినా జరీ తేడా వచ్చిన చీరలా రెండు రంగులుగా కనిపిస్తుంది. ఇన్ని తిప్పలెందుకని సాహసించేవాళ్లూ ఉన్నారు. గ్రీకు పారిశ్రామికవేత్త డాకిస్ జోవానో 2008లో తన ‘గిల్టీ’ నౌకకు అమెరికన్ కళాకారుడు జెఫ్ కూన్స్ చేత రంగులు కూర్పించారు. పసుపు, గులాబి, నీలం కోణాలతో ఒళ్లంతా కలగలుపు. మొదటి ప్రపంచయుద్ధంలో శత్రువుల గురి తప్పించడానికి ఓడలకు వేసిన అడ్డదిడ్డం చారలే దానికి ప్రేరణ.

ఇక్కడ కొనేవాళ్లు జాగ్రత్తపడాల్సిన సంగతొకటుంది. వినైల్ రంగును మారుస్తుంది, రోగాన్ని నయం చేయదు. కింద పగుళ్లుంటే అవీ అలాగే ఉంటాయి. సెకండ్‌హ్యాండ్ పడవకు అమ్మకానికి ముందే కొత్త చుట్టు పడిందంటే, పైన పటారం లోన లొటారం కాదని నిపుణుడితో తేల్చుకున్నాకే డబ్బు చేతిలో పెట్టాలి. నీటిలో మునిగుండే భాగానికి ఈ పొర పనికిరాదు. అక్కడ నాచు, గుల్లలు పట్టకుండా వేసే ప్రత్యేక పెయింటే దిక్కు. నడిచే డెక్ మీద మామూలు వినైల్ వేస్తే కాలు జారుతుంది. చవక రకం పొర ఎండకు ముడుచుకుని అంచులు లేస్తుంది. పోతపోసి తయారుచేసే ‘కాస్ట్’ రకమైతే వంపులకు ఒదిగి ఎక్కువ కాలం నిలుస్తుంది.

అందం, ఆయుష్షు సరే, అన్నిటికన్నా ముఖ్యమైంది ప్రాణం. నురగలెత్తిన సముద్రంలో తెల్ల పడవనూ, మామూలు సముద్రంలో నీలి పడవనూ పైనుంచి హెలికాప్టర్‌లో వెతకడం గడ్డివాములో సూదిని వెతకడమే. అందుకే సముద్ర పందేల భద్రతా నియమాలు కాటమరాన్లలాంటి జంట పడవల అడుగున కనీసం ఒక చదరపు మీటరు మేర కొట్టొచ్చే రంగు ఉండాలంటాయి. బోల్తాపడితే పైకి తేలేది ఆ అడుగే కదా! మన తీరంలోనూ రంగు గుర్తింపు కార్డే. 2008 ముంబయి దాడుల తర్వాత చేపల పడవలకు రాష్ట్రానికో రంగు ఉండాలన్నది అందుకే.

కాబట్టి పక్కలకు మీకు నచ్చిన రంగు చుట్టించుకోండి, ఎవరూ కాదనరు. పైకప్పు మీద మాత్రం ఓ నారింజ ముక్క అతికించండి. రేవులో ఉన్నంతసేపూ అది మ్యాచింగ్ కాలేదని ఎవరైనా నవ్వొచ్చు. ఆపదలో చిక్కిన రోజున వెతికేవాళ్ల కంట పడేది ఆ ముక్కే!