పోర్ట్ బ్లెయిర్‌కు ఒక్క రాత్రి చాలట!

హైదరాబాదు శాలిబండ వాలులో ఒక ట్రావెల్స్ దుకాణం ఉంది. సంక్రాంతి తర్వాత ఇంటిల్లిపాదీ అండమాన్ పోదామనుకుని, టికెట్ల సంగతి కనుక్కుందామని పోయిన శుక్రవారం అక్కడికి వెళ్ళాను. కౌంటర్లో కూర్చున్న కుర్రవాడు నా మాట పూర్తికాకముందే ప్లాస్టిక్ తొడుగులో పెట్టిన కాగితం ఒకటి నా ముందుకు తోశాడు. అయిదు రాత్రులు, ఆరు పగళ్ళు. మొదటి రోజు విమానం దిగడం, హోటల్, సెల్యులర్ జైలు, సాయంత్రం లైట్ షో. రెండో రోజు పొద్దున్నే పడవెక్కి హావ్‌లాక్. ఆ తర్వాత కాగితమంతా బీచ్‌లు, స్కూబా, అడుగున గాజు పలక ఉన్న పడవ, ఇసుకలో కొవ్వొత్తుల భోజనం.

"పోర్ట్ బ్లెయిర్‌లోనే మూడు రోజులుందామనుకుంటున్నాం బాబూ" అన్నాను.

"మూడ్రోజులా? అక్కడేముంది అంకుల్! జైలొక్కటే. అది గంట పని. ఒక్క రాత్రి చాలు" అని, పక్కనున్న జంట వైపు తిరిగాడు.

ఆ కుర్రవాడి మీద నాకేం కోపం లేదు. వాడికి ఎవరో నేర్పిన మాట అది. నా కోపమంతా ఆ మాట మీదే. మా బంధువుల్లో అండమాన్ వెళ్ళొచ్చినవాళ్ళందరూ ఇదే పాట పాడుతున్నారు. మాల్దీవులకు డబ్బు చాలనివాళ్ళకు అండమాన్ అని మొన్న ఒక పెళ్ళిలో ఒక పెద్దమనిషి అంటే, భోజనాల దగ్గరున్న పదిమందీ తలలూపారు. పోర్ట్ బ్లెయిర్ అంటే వాళ్ళకు సామాను దింపి, ఎక్కించే బస్టాండు లాంటిది. దీవికి పోవడమంటే నీలం నీళ్ళ ముందు ఫొటో దిగడం.

ఇంకెక్కడివాళ్ళన్నా నేను ఊరుకునేవాణ్ణేమో. పాతబస్తీలో కూర్చుని ఆ మాట అనడమే నాకు మింగుడు పడలేదు. ఆ దుకాణం మెట్లు దిగి కాస్త నడిస్తే మక్కా మసీదు. 1857 జులై 17, శుక్రవారం నాడు అక్కడి నుంచి కదిలిన జనం మూసీ దాటి కోఠిలోని బ్రిటిష్ రెసిడెన్సీ మీదికి పోయారు. ముందు నడిచినవాళ్ళు ఇద్దరు. రోహిల్లాల నాయకుడు తుర్రేబాజ్ ఖాన్ ఒకరు, మౌల్వీ అల్లాఉద్దీన్ మరొకరు. నిర్బంధంలో ఉన్న జమేదార్ చీదా ఖాన్‌ను విడిపించాలన్నది వాళ్ళ పట్టుదల. పుత్లీబౌలి వైపున్న రెండు ఇళ్ళలో చేరి రాత్రంతా కాల్పులు జరిపారు. నిజాం దివాను సాలార్‌జంగ్ ముందే రెసిడెంటుకు కబురంపాడు, ఫిరంగులు సిద్ధంగా ఉన్నాయి. తెల్లవారేసరికి అంతా అయిపోయింది. తుర్రేబాజ్ ఖాన్ పట్టుబడ్డాడు, జైలు నుంచి తప్పించుకున్నాడు, చివరికి ఆయనను 1859 జనవరిలో తూప్రాన్ దగ్గర చంపారు. శవాన్ని తెచ్చి రెసిడెన్సీ దగ్గర వేలాడదీశారు. మౌల్వీని మాత్రం ఉరి తీయలేదు. 1859లో ఓడెక్కించి కాలాపానీకి పంపారు. ఆయన మళ్ళీ హైదరాబాదు చూడలేదు. అక్కడే పోయాడు.

ఆ "అక్కడ" ఏదనుకున్నారు? ఒక్క రాత్రి చాలని తీర్పు చెప్పిన ఊరే అది.

కోఠి బస్టాండు దగ్గర ఈ వీరుల పేర ఒక చిన్న స్మారకం ఉంది. నేను కాలేజీ రోజుల్లో రోజూ దాని పక్కనే నిలబడి బస్సెక్కేవాణ్ణి. అదేమిటో నాకు ముప్పయ్యేళ్ళు దాటేదాకా తెలియదు. తెలిశాక పడ్డ సిగ్గు ఇప్పటికీ నన్ను వదల్లేదు. ఆ సిగ్గే ఈ వ్యాసం రాయిస్తోంది.

ఇక జైలు సంగతి. "జైలు చూస్తే అండమాన్ చరిత్ర చూసినట్టే" అన్నది ఈ గుంపు చెప్పే రెండో మాట. ఇది మొదటి దానికంటే పెద్ద తప్పు. సెల్యులర్ జైలు కట్టడం 1896లో మొదలై 1906లో పూర్తయింది. మౌల్వీ వెళ్ళింది 1859లో. అంటే జైలు పూర్తికావడానికి 47 ఏళ్ళ ముందు. ఆయన ఆ గదుల్లో ఒక్క పూట కూడా పడుకోలేదు. మరి ఎక్కడ ఉంచారు? ఊళ్ళోనే. 1858 మార్చి 10న డాక్టర్ వాకర్ అనే అధికారి 200 మంది ఖైదీలతో అక్కడ దిగినప్పుడు జైలూ లేదు, గోడా లేదు. చాథమ్ దీవి మీద, రాస్ దీవి మీద అడవి నరికింది ఖైదీలే. దారులు వేసిందీ, తమను కాపలా కాసే దొరలకు బంగళాలు కట్టిందీ వాళ్ళే. పారిపోతే అడవిలో అండమానీ తెగల బాణాలు, లేదంటే సముద్రం. పారిపోయి మళ్ళీ దొరికిన ఎనభై మందికి పైగా ఖైదీలను వాకర్ ఒకే రోజు ఉరి తీయించాడు. ఊరే జైలుగా బతికిన కాలం అది, నలభై ఏళ్ళకు పైగా. ఈ కాలాన్ని ఆ కాగితంలో ఏ రోజు కింద రాస్తారు? ఎక్కడా రాయరు. లైట్ షోలో రావిచెట్టు కథ చెబుతుంది, మనం చప్పట్లు కొట్టి హోటల్‌కు పోతాం.

జైలును తక్కువ చేసి మాట్లాడుతున్నానని ఎవరూ అనుకోవద్దు. 2014లో మేమూ ఒక ప్యాకేజీలోనే వెళ్ళాం. మాకు జైలు దగ్గర ఇచ్చింది నలభై నిమిషాలు. గైడు గడియారం చూసుకుంటూ నడిపించాడు. ఒక గది ముందు మా ఆవిడ ఆగిపోయింది. తలుపు గడియ చూడమంది. గడియ తలుపు మీద లేదు. ఇనుప పట్టీ పొడుగ్గా సాగి, పక్క గోడలో తొలిచిన గూట్లోకి పోయి, అక్కడ పడుతుంది. లోపలివాడు ఊచల సందుల్లోంచి భుజం దాకా చెయ్యి బయటపెట్టినా అందదు. మా అబ్బాయి లోపలికి పోయి చెయ్యి చాపి చూశాడు. వేళ్ళకూ గడియకూ మధ్య ఇంకా జానెడు పైనే ఉంది. వాడు నవ్వబోయి ఆగాడు. అదే క్షణంలో గైడు "చలో, చలో, పడవ టైమైంది" అని చప్పట్లు చరిచాడు. రోజుకు ముప్పయి పౌండ్ల కొబ్బరినూనె తీయాలని మనుషులను ఎద్దుల్లా గానుగకు కట్టిన ఆవరణలోంచి మమ్మల్ని పరుగెత్తించుకుపోయారు. అల్లూరి మన్యం పోరాటంలో పట్టుబడ్డవాళ్ళనూ, కాకినాడ బాంబు కేసులో శిక్షపడ్డ ప్రతివాది భయంకరాచారినీ పంపింది ఆ దీవులకేనని నాకు తర్వాత పుస్తకాల్లో తెలిసింది. ఆ రోజు ఆ పేర్లు వెతికే తీరిక మాకివ్వలేదు. ఏడు రెక్కల్లో మూడే ఎందుకు మిగిలాయి, మిగతా చోట గోవింద్ వల్లభ్ పంత్ ఆస్పత్రి ఎలా లేచింది అని అడిగితే గైడు విననట్టే నడిచాడు.

ఇక్కడొక పక్కమాట. ఆ కాగితంలో "ఇరవై నోటు పాయింట్" అని ఒకటుంది. పాత ఎర్ర ఇరవై రూపాయల నోటు వెనక కనిపించే కొబ్బరిచెట్లు, లైట్‌హౌస్ అక్కడివే. అందరూ నోటు పట్టుకుని ఫొటో దిగుతారు. ఆ వైపునే హారియట్ కొండ ఉంది. ఆ కొండ కింద హోప్‌టౌన్ దగ్గరే 1872 ఫిబ్రవరి 8న షేర్ అలీ అఫ్రిదీ అనే ఖైదీ వైస్రాయ్ లార్డ్ మేయోను పొడిచి చంపాడు. మరో మాట. 1891లో బ్రిటిషువాళ్ళతో జరిగిన యుద్ధం తర్వాత మణిపూర్ రాజు కులచంద్రనూ ఆయన మనుషులనూ ఆ కొండ మీదే ఉంచారు. మణిపురివాళ్ళు దాన్ని మరచిపోలేదు. అడిగి అడిగి సాధించుకున్నారు, 2021లో ఆ కొండకు మౌంట్ మణిపూర్ అని పేరు పెట్టారు. పోర్ట్ బ్లెయిర్ పేరును కూడా 2024 సెప్టెంబరులో శ్రీవిజయపురంగా మార్చారు. పేర్లు మార్చడం మంచిదా చెడ్డదా అన్న వాదన నాకిప్పుడు వద్దు. తమవాళ్ళు ఆ నేల మీద పడ్డారని ఒక చిన్న రాష్ట్రం నూటముప్పయ్యేళ్ళు గుర్తుపెట్టుకుంది. మనం మక్కా మసీదు నీడలో బతుకుతూ "అక్కడేముంది" అంటున్నాం.

ఆ ఊళ్ళో మనవాళ్ళు లేరా అంటే, కావలసినంతమంది ఉన్నారు. 2011 జనాభా లెక్కల్లో అండమాన్ నికోబార్‌లో తెలుగు మాతృభాషగా చెప్పినవాళ్ళు సుమారు 13 శాతం. ఎక్కువమంది శ్రీకాకుళం, విశాఖ తీరాల నుంచి వెళ్ళినవాళ్ళు. జంగ్లీఘాట్ చేపల రేవు దగ్గర వల బాగుచేసుకుంటున్న ఒక ముసలాయనను దారి అడగబోయి హిందీ మొదలెడితే, "ఏ ఊరు బాబూ తమది?" అని ఆయనే అడిగాడు. హైదరాబాదు అంటే, "మా మనవడు అక్కడే సదువుతున్నాడు" అన్నాడు. అయిదు నిమిషాల మాట అది. ఆ ప్రయాణంలో నాకు మిగిలింది అదే. హావ్‌లాక్ నీళ్ళు ఎంత నీలమో ఇప్పుడు గుర్తు కూడా లేదు.

బారాటాంగ్ గుహల పేరుతో జరుగుతున్నది ఇంకా దారుణం. ఆ దారి జరావా అనే ఆదిమ తెగవాళ్ళ అడవి గుండా పోతుంది. జిర్కాటాంగ్ దగ్గర బండ్లను వరుసకట్టి పంపుతారు. ఆ మనుషులను ఫొటో తీయడం నేరం, ఆగడం నేరం. అయినా "అదృష్టముంటే జరావాలు కనిపిస్తారు" అని చెప్పి టికెట్లు అమ్మేవాళ్ళున్నారు. మనుషులను జూలో జంతువుల్లా చూపించి డబ్బు తీసుకునే ప్రయాణానికి నేను నా పిల్లలను తీసుకుపోను. మీరూ తీసుకుపోవద్దు.

ఎదుటివాళ్ళ తక్కిన వాదనలు పెద్దవేం కావు. పోర్ట్ బ్లెయిర్‌లో సాయంత్రమైతే ఏం చేస్తారంటారు. అక్కడ చలికాలంలో అయిదింటికే చీకటి పడుతుంది, నిజమే. పొద్దు కూడా మనకంటే ముందే పొడుస్తుంది, తెల్లారగట్లే లేవండి. ఖర్చంటారు. ఒక రాత్రి హోటల్ తగ్గించి, దానికి నాలుగింతలు పడవ టికెట్లకూ స్కూబాకూ పోసేవాళ్ళు ఖర్చు గురించి మాట్లాడకూడదు. పిల్లలకు విసుగంటారు. గడియ అందక వెనక్కి తీసుకున్న మా వాడి చెయ్యి నేను చూశాను. విసుగు పిల్లలది కాదు.

మరి ఎలా వెళ్ళాలి అని అడుగుతారు. నాకు తోచింది చెబుతాను. బయలుదేరే ముందు ఒక ఆదివారం పొద్దున పిల్లలను తీసుకుని మక్కా మసీదు దగ్గర మొదలుపెట్టి మూసీ దాటి పుత్లీబౌలి, కోఠి దాకా నడవండి. రెసిడెన్సీ భవనం మహిళా విశ్వవిద్యాలయం ఆవరణలో ఇంకా నిలబడే ఉంది. ప్రయాణం అక్కడే మొదలవుతుంది. వీలుంటే విశాఖ నుంచి ఓడలో పోవాలి. సుమారు 1200 కిలోమీటర్లు. విమానంలో రెండు మూడు గంటల్లో దిగితే కాలాపానీ అన్న మాట ఎందుకు పుట్టిందో ఒంటికి తెలియదు. మా ఆవిడకు సముద్రం పడదు, కాబట్టి ఈ సంగతి మా ఇంట్లో ఇంకా తేలలేదు.

ఆ దుకాణం కాగితం నా దగ్గరే ఉంది. డబ్బు కట్టలేదు. దాన్ని తొడుగులోంచి తీసి వెనక్కి తిప్పి, పెన్నుతో రాసుకున్నాను. మొదటి రోజు, రాస్ దీవి, మర్రి ఊడలు చుట్టుకున్న చర్చి దగ్గర సాయంత్రం దాకా. రెండో రోజు, చాథమ్, 1883 నాటి కోత మిల్లు, ఆ తర్వాత పడవ నడుపుతుంటే వైపర్ దీవి. షేర్ అలీని ఉరి తీసింది అక్కడే. మూడో రోజు, పొద్దుటి నుంచీ జైలు. దాని కింద "మౌల్వీ సమాధి?" అని రాసి, ఎవరిని అడగాలో తెలియక అక్కడ ఆపాను.