జాబ్స్ వేసినవాడికి చప్పట్లెందుకు?

దసరా సెలవులకు అందరం బళ్లారి ఇంట్లో కలిసినప్పుడు నడిచే బిళ్లలాట గురించి ఈసారి కాస్త గట్టిగానే రాస్తున్నాను. పెద్దవాళ్లకు కోపం వస్తే రానీండి. ఇంగ్లీషు స్క్రాబుల్ అయినా సరే, మనం అట్టముక్కలు కత్తిరించి చేసుకున్న తెలుగు ఆట అయినా సరే, చుట్టూ కూర్చున్న పెద్దలు రెండే చూస్తారు. ఎంత పెద్ద పదం వేసినాడు, ఎంత గొప్ప పదం వేసినాడు. ఆ ఎత్తు మంచిదా చెడ్డదా అని అడిగే మనిషే లేడు. ఇట్లా చూసీ చూసీ పిల్లల్ని తెలుగు బోర్డు దగ్గర్నుంచి తరిమేసినారు. పోయిన ఏడాది రెండో రోజుకే ముగ్గురూ ఇంగ్లీషు పెట్టె తీసుకొని మిద్దె మీదికి పోయినారు.

ముందు ఆ ఇంగ్లీషు ఆటనే తీసుకుందాం, లెక్క అక్కడ సులువు. ఆట మొదలవుతోంది, బోర్డు ఖాళీ. చేతిలో జే, ఓ, బీ, ఎస్, ఈ, ఆర్, టీ ఉన్నాయి. నడిమి గడి మీద ‘జాబ్’ వేస్తే మొదటి ఎత్తు రెట్టింపు కలిపి 24. ‘జాబ్స్’ వేస్తే 26. మన ఇంట్లో నూటికి నూరుమంది జాబ్స్ వేస్తారు, వేసినవాడికి చప్పట్లు. రెండు పాయింట్ల కోసం వాడు ఏం ఖర్చు పెట్టినాడో ఎవరికీ పట్టదు. మొత్తం 100 బిళ్లల్లో ఎస్‌లు నాలుగే. ఎస్, ఈ, ఆర్, టీ చేతిలో ఉంచుకున్నవాడికి తర్వాతి వంతులో ఏడు బిళ్లలూ ఒకేసారి దించి 50 అదనంగా కొట్టే అవకాశం బాగా పెరుగుతుంది. పైగా బోర్డు మీద ఉన్న జాబ్ పక్కన ఎస్ పెట్టి, ఆ ఎస్ నుంచే కిందికి ఇంకో పదం దించితే, ఆ కొత్త పదం పాయింట్లతోపాటు జాబ్స్ 13 కూడా మనకే. ఎదుటివాడి దగ్గరా ఎస్ ఉండొచ్చు గదా అంటారా, ఉండొచ్చు. నాలుగింట్లో ఒకటి మన చేతిలో ఉన్నప్పుడు వాడికి మిగిలేవి మూడు. కాగితం మీద పడే అంకె ఎత్తులో సగం విలువే. చేతిలో ఏం మిగిల్చావు, ఎదుటివాడికి ఏం తెరిచావు అన్నవి మిగతా సగం.

ఇది మన పెద్దలకు తెలియని విద్యేం కాదు. రమ్మీలో కూర్చోబెట్టండి, పక్కవాడు దేనికోసం చూస్తున్నాడో ఆ ముక్క చచ్చినా పడేయరు. పులిజూదంలో మా చిన్నాయన మేకల వైపు కూర్చుంటే రెండు మేకల్ని కావాలనే పులికి వదిలేసి, మిగతా వాటితో మూడు పులుల్నీ కట్టేస్తాడు. అప్పుడెవరూ ‘అయ్యో మేక పోయింది’ అనరు, ‘ఏం ఎత్తురా’ అంటారు. అదే చిన్నాయన, చేతిలో మూడు ఐలు, రెండు యూలు, ఒక వీ, ఒక డబ్ల్యూ ఉన్న పిల్లవాడు బిళ్లలు సంచిలో వేసి మార్చుకుంటే ‘పిరికోడు, పదం రాక మార్చుకున్నాడు’ అంటాడు. ఆ చేతితో ఏదో ఏడెనిమిది పాయింట్ల పదం ఈడ్చి, మిగిలిన చెత్తతో ఇంకో రెండు వంతులు అవస్థ పడటం కంటే ఒక్క సున్నా ఎంతో మేలు. సంచిలో ఏడైనా బిళ్లలు ఉన్నప్పుడే మార్చుకోనిస్తారు కాబట్టి ఆ పని ముందే చేయాలి. ఆ పిల్లవాడు చేసింది అదే.

పదాల జ్ఞానమే ఈ ఆట అనుకునేవాళ్లు నైజల్ రిచర్డ్స్ సంగతి వినాలి. న్యూజిలాండ్ మనిషి. 2007లో మన ముంబైలో జరిగిన ఇంగ్లీషు ప్రపంచ పోటీ గెలిచినాడు. 2015లో ఫ్రెంచి ప్రపంచ పోటీ గెలిచినాడు, ఫ్రెంచి మాట్లాడటం రాకుండానే. 2024లో స్పెయిన్‌లోని గ్రనాడాలో స్పానిష్ పోటీ కూడా గెలిచినాడు, ఆ భాషా మాట్లాడడు. పదాల జాబితా కంఠస్థం చేసినాడు, అది నిజమే. జాబితా ఎదుటివాళ్లకూ వచ్చు, వాళ్లకు ఆ భాష పుట్టుకతోనే వచ్చు. అయినా ఈయన గెలిచినాడంటే ఏ పదం ఎప్పుడు, ఎక్కడ, ఏం మిగుల్చుకొని వేయాలన్నది ఈయన బాగా ఎంచినాడని అర్థం.

ఇక మన తెలుగు బోర్డు. ఇక్కడ ఈ ఎంపిక ఇంగ్లీషు కంటే రుచిగా ఉంటుంది, అందుకే నా బాధ ఎక్కువ. మన నియమం ప్రకారం బిళ్ల మీద హల్లు మాత్రమే ఉంటుంది, గుణింతమూ వత్తూ వేసేవాడి ఇష్టం, పెన్సిలుతో రాసిపెడతాడు. క, ల రెండు బిళ్లలుంటే కల, కాలు, కేలు, కోలు, కూలి, ఏదైనా వస్తుంది. అంటే పదం దొరకడం ఇక్కడ కష్టమే కాదు, కష్టమంతా ఎంచుకోవడంలోనే. ఒకసారి ‘కూ’ అని రాసినాక అడ్డంగా వచ్చేవాడు కూడా ‘కూ’తోనే పదం కట్టాలి. తేలికైన అక్షరం పెడితే దారి తెరుచుకుంటుంది, కష్టమైన గుణింతం పెడితే మూసుకుంటుంది.

అన్నిటికంటే గమ్మత్తు ‘లు’ది. ఇంగ్లీషు ఎస్ చేసే పని ఇక్కడ ‘లు’ చేస్తుంది, అయితే అన్నిచోట్లా చేయదు. ‘గోడ’ వేస్తే పక్కన లు పెట్టి ‘గోడలు’ చేసుకోవచ్చు. ‘చెట్టు’ వేస్తే కుదరదు, బహువచనం ‘చెట్లు’, లోపలి అక్షరమే మారిపోతుంది. ‘ఇల్లు’ ఇళ్లు అవుతుంది, ‘కాలు’ కాళ్లు అవుతుంది. విభక్తులు వేయకూడదని మనమే పెట్టుకున్నాం కాబట్టి చెట్టుకు, ఇల్లుకు అని అంటించడానికీ వీల్లేదు. కాబట్టి పక్క గడి మూడింతల ఎర్ర గడి అయినప్పుడు గోడ వేసేవాడు ఎదుటివాడికి తలుపు తీసినట్టు, చెట్టు వేసేవాడు గడియ పెట్టినట్టు. పన్నెండేళ్ల మా మేనకోడలు ఇది ఎవరూ చెప్పకుండానే కనిపెట్టింది. ఎర్ర గడి పక్కన నాలుగు పాయింట్లు తక్కువైనా చెట్టు వేసింది. పెదనాయన ఏమన్నారు? ‘ఇంత చిన్న మాటా? నీ చేతిలో పెద్ద పదముంది గదా, చూసుకోలేదా?’ అని. అది చూసుకొనే వేసింది మహానుభావా.

దీనికి తోడు పదం పుట్టుక విచారణ ఒకటి. ఒకడు ‘హాలు’ వేసినాడు. ‘అది కన్నడం, పాలు అను’ అని పెద్దలు లేచినారు. పాలు–హాలు, పులి–హులి, పూవు–హూవు, తేడా తెలిసినవాళ్లే గదా మనం. వాడు వేసింది టీవీ ఉన్న హాలు! ఇంకొకరు ఉగ్గాని వేస్తే నిఘంటువులో చూపించమన్నారు, పొద్దున అందరమూ తిన్నది అదే. నిఘంటువంటే మన ఇంట్లో శబ్దరత్నాకరం. అది 1885 నాటిది, బస్సు లేని కాలం పుస్తకం. దాని ప్రకారం ఆడితే ఆర్టీసీ స్టాండుకు కూడా పోలేం.

1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినరోజే బళ్లారి మైసూరులోకి పోయింది, ఆదోని, ఆలూరు, రాయదుర్గం అటు ఉండిపోయాయి. ఆ గీత గీయడానికి ఎంత గొడవ అయిందో మన అబ్బలు చెప్పగా విన్నాం. అదే గీతను నడింట్లో, అట్టముక్కల మీద, పిల్లల చేత మళ్లీ గీయించాలా? ఈ ఊరి రాఘవ తెలుగులోనూ, కన్నడంలోనూ, ఇంగ్లీషులోనూ నాటకాలాడినవాడు.

పెద్దల వాదనలో బలమైన మాట ఒకటుంది, దాన్ని దాటేసి పోను. ‘ఈ ఊళ్లో పిల్లలు బడిలో తెలుగు చదవరు. నాలుగు పాత మాటలు వాళ్ల చెవిన పడే చోటు ఈ ఆట ఒక్కటే. ఏ మాటైనా సరే అంటే ఇంక తెలుగు ఆట ఎందుకు?’ అంటారు. కానీ పాత మాట పిల్లలకు యాడ నుంచి వస్తుందో చూడండి. ఇంగ్లీషు ఆటగాళ్లందరికీ క్యూ, ఐ కలిపి వేసే ‘చీ’ అనే చిన్న మాట వచ్చు. చైనా తత్వం మీద ప్రేమతో నేర్చుకోలేదు, యూ లేకుండా క్యూ వదిలించుకోవాలి కాబట్టి నేర్చుకున్నారు. మా మేనకోడలికి ‘కేలు’ అంటే చేయి అని తెలిసింది అవ్వ ఉపన్యాసం వల్ల కాదు, ‘కే’ దగ్గర ఇరుక్కున్న రోజు అవ్వ చెవిలో చెప్పినందుకు. ఆ మాట ఇప్పుడు దానికి సొంతం. అవసరంలో అందించిన మాట నిలుస్తుంది. వంతు వంతుకూ పరీక్ష పెట్టి అడిగితే పిల్లలు మిద్దె మీదికే పోతారు.

అందుకని ఈ దసరాకు నేను అడిగేవి మూడు. ఏ మాటలు చెల్లుతాయో ఆటకు ముందే ఒక నోటుబుక్కులో రాసుకుందాం. ఇంట్లో ముగ్గురు నోటితో అనే మాట ఏదైనా అందులోకి రావాలి, పాతదైనా, ఉగ్గాని అయినా. ఆట నడుస్తుండగా అభ్యంతరం చెప్పే హక్కు ఎదుటి ఆటగాడిది మాత్రమే, తప్పుగా చెబితే అతనికీ ఒక వంతు పోవాలి. చుట్టూ కూర్చున్నవాళ్లు ఆట అయ్యేదాకా నోరు మూసుకోవాలి, అయినాక మాత్రం ఏ ఎత్తు ఎందుకు వేశావని ఆడినవాళ్లనే అడగాలి.

నోటుబుక్కు నేనే తెస్తాను. మొదటి పేజీలో కేలు, బస్సు, ఉగ్గాని, హాలు ముందే రాసి ఉంటాయి. చిన్నాయన తన శబ్దరత్నాకరం తెచ్చుకోవచ్చు, మొదటి బిళ్ల పడేదాకా ఎన్ని మాటలైనా చేర్పించుకోవచ్చు.