ఇసుక సంచులు – మన తాలింఖానా

వ్యాయామశాల కావలెనన్న కోరిక మన కళాశాలలో ఏటేటా వినవచ్చునదే. దానికి ఎదురుగా యంత్రముల ధరల పట్టిక నిలుచును. అంతటితో ప్రసంగము ముగియును. యంత్రములు వచ్చువరకు దేహబలము వేచియుండవలెనా? ఇసుక, కాన్వాసు గుడ్డ, కొంత కుట్టుపని ఉన్నచో రేపే ఆరంభింపవచ్చునని మా అభిప్రాయము.

‘తాలింఖానా’ అను మాటను మన ఉర్దూ, తెలుగు విద్యార్థులు ఇరువురును ఎరుగుదురు. తాలీమ్ అనగా విద్య. కండబలమును మన పెద్దలు చదువుకు వెలియైనదిగా ఎంచలేదు. రాతిగుండ్లతో, గదలతో దానిని సాధించిరి.

సంచి తయారీ కష్టము కాదు. ఇసుకను జల్లించి, కడిగి, ఎండలో పూర్తిగా ఆరబెట్టవలెను. తడి మిగిలినచో గుడ్డ బూజు పట్టును. ఎండిన ఇసుక లీటరుకు సుమారు కిలోన్నర తూగును. 10 కిలోలకు ఏడు లీటర్లు చాలును. దానిని రెండేసి కిలోల పొట్లములుగా, రెండు పొరల మందపాటి పాలిథిన్ సంచులలో బిగించి, కాన్వాసు సంచిలో నింపవలెను. బరువు పెంచుటకు మరియొక పొట్లము చేర్చుటయే. సంచిలో మూడవ వంతు ఖాళీ విడువవలెను. దీని సారమంతయు అందే ఉన్నది. ఇనుపకడ్డీ చేతిలో నిలకడగా నుండును. ఇసుక ఎత్తినప్పుడెల్ల ఒక ప్రక్కకు జారి నడుమునకు, వీపునకు, పిడికిలికి పని కల్పించును. పాత సిమెంటు బస్తాలు మాత్రము వాడరాదు. వాటి దుమ్ము ఊపిరితిత్తులకు చేటు.

బస్తాలు మోయుట హమాలీ పనియని పెదవి విరుచువారు కలరు. మార్కెట్ యార్డులో ఒక్క పూట నిలిచి చూచినచో వారి అభిప్రాయము మారవచ్చును! నడుము పట్టునన్న భయము మాత్రము న్యాయమైనదే. మోకాళ్లు వంచి, సంచిని ఒంటికి చేర్చి ఎత్తుట ఫిజికల్ డైరెక్టరు గారు ముందుగా నేర్పవలెను. తొలినాళ్లలో 10 కిలోలు మించరాదు.

సగము సంచులు విద్యార్థినులకు, వారికి వేరుగా ఒక గంట కేటాయింపవలెను. 2000 సిడ్నీ ఒలింపిక్సులో మొత్తము 240 కిలోలెత్తి కాంస్యము గెలిచిన కరణం మల్లీశ్వరి మన శ్రీకాకుళం జిల్లా ఆడపడుచు. బరువులు ఆడువారికి తగవన్న మాట ఇంకను వినబడుట మాకు వింతగా నున్నది.

కమిటీ వారిని మేము కోరునది స్వల్పము: ఇరువది సంచులకు కాన్వాసు, దర్జీకి కూలి, తాళమున్న ఒక గది. ఇసుక జల్లించు పని మాదే. యంత్రముల విన్నపమును మాత్రము ఉపసంహరించుకొనుట లేదు.