బోర్డు మీద పతా ఒకటి, వెనక రాస్తా ఇంకోటి

ఉమ్రా ప్యాకేజీ అనో, బ్యాంకు కస్టమర్ కేర్ అనో గూగుల్‌లో వెతుకుతాం. పైన కనబడేవి చాలాసార్లు జవాబులు కావు, కిరాయి కట్టిన బోర్డులు. వాటి మీద ఒక పతా ఉంటుంది. నొక్కితే మన రాక ఆ దుకాణానికి తప్ప ఎవరికీ తెలియదని మన ఖయాల్. అది గలత్.

మన క్లిక్కు ఖబర్ గూగుల్ లెక్కల దర్వాజాకి చేరుతుంది. దుకాణదారు ఖాతాలో పైసలు కోస్తారు. అతను పెట్టుకున్న లెక్కల కంపెనీలుంటే వాటికీ కబురు పోతుంది. ఒకప్పుడు ఈ దర్వాజాలన్నీ దాటాకే పేజీ తెరుచుకునేది. 2018లో గూగుల్ సెర్చ్ ప్రకటనలకు కొత్త పద్ధతి తప్పనిసరి చేసింది. పేజీ ముందు తెరుచుకుంటుంది, హిసాబ్ వెనక నుంచి నడుస్తుంది. మనకి తొందరగా పని అయింది, నిజమే. నిఘా మాత్రం తగ్గలేదు, కంటికి మరుగైంది.

పేజీ తెరిచాక అడ్రసు చివర చూడండి. జీసీఎల్ఐడీ అనే అక్షరాలు, వాటి వెనక పొడుగాటి తోక చాలాసార్లు కనబడతాయి. సంతలో పశువు చెవికి గుచ్చిన బిళ్ళ లాంటిదది. తర్వాత మీరు సామాను కొన్నా, ఫారం నింపినా, ఏ బోర్డు నొక్కి వచ్చారో అదే చెబుతుంది. దుకాణం వాళ్ల కుకీలో అది మామూలుగా 90 రోజులు ఉంటుంది.

"పైసలు పెట్టినవాడికి హిసాబ్ అడిగే హక్కు లేదా?" అంటారు. బేషక్ ఉంది. దొంగ క్లిక్కులు పట్టాలన్నా లెక్క కావాలి. నా సవాల్ వేరే. నొక్కినవాడి హక్కు ఎక్కడ? మన కబురు ఎవరెవరికి పోతోందో నొక్కే ముందు మనకి చెప్పిందెవరు? ఇజాజత్ అడిగిందెవరు?

ఈ చాటు దారుల్లోనే ధోకాబాజులు దూరారు. బోర్డు మీద అసలు కంపెనీ పేరు, నొక్కితే నఖిలీ సైటు. తనిఖీ చేసేవాడికి సాఫ్ పేజీ, మామూలు మనిషికి వేరే పేజీ. 2022 డిసెంబర్‌లో అమెరికా ఎఫ్‌బీఐ ఇలాంటి సెర్చ్ ప్రకటనల గురించి హెచ్చరించి, యాడ్ బ్లాకర్ వాడమని సలహా ఇచ్చింది.

ప్రకటన అని చెప్పే గుర్తు సంగతి చూడండి. 2013లో పసుపు బిళ్ళ, 2016లో పచ్చది, 2020లో ఉత్త నల్ల అక్షరాలు. రంగు వెలిసేకొద్దీ మాసూమ్ చూపుకి బోర్డేదో, జవాబేదో తేడా తెలియడం కష్టమైంది. ఇది ఇన్సాఫా?

నా మాంగ్ ఒక్కటే: మన క్లిక్కు ఏయే దర్వాజాలు తడుతుందో బోర్డు మీదే చూపించండి. చూపించేదాకా బ్యాంకు, టికెట్, ఉమ్రా పనులకు ఆ బోర్డులు నొక్కకండి. పతా తెలిస్తే మీరే టైపు చేయండి, నంబరు పాస్‌బుక్ మీద, కార్డు వెనక చూసుకోండి. ఇంట్లో అమ్మీకి, ఖాలాకి కూడా ఈ మాట చెప్పండి. పైసలు పోతే షరమ్ పడి దాచకండి, వెంటనే 1930కి ఫోన్ చేయండి.